ఇంటి గడప నుంచి బడి బల్ల దాకా: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ప్రత్యేక ఉపాధ్యాయ వృత్తి

ప్రత్యేక ఉపాధ్యాయులు బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, వినికిడి లోపం, చూపు లోపం ఉన్న పిల్లలకు చదువు చెబుతారు. అక్షరాలతో పాటు అన్నం కలుపుకోవడం, చొక్కా తొడుక్కోవడం, రోడ్డు దాటడం, దుకాణంలో చిల్లర సరిచూసుకోవడం కూడా వీరి పాఠాల్లో భాగమే. ఉమ్మడి నల్గొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలకూ వాటి చుట్టుపక్కల పల్లెలకూ ఈ వృత్తి చాలా ఆలస్యంగా వచ్చింది. దాన్ని తెచ్చిన ఘనత పెద్ద భవనాలకో, పెద్ద సంస్థలకో దక్కదు. డిప్లొమా చేతపట్టుకుని, తక్కువ జీతానికి ఊళ్లు తిరిగిన మనుషులే దాన్ని తెచ్చారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. వారి పేర్లు చాలావరకు హాజరు పట్టీల్లోనూ, వారి చేతిలో నాలుగు మాటలు నేర్చిన పిల్లల ఇళ్లలోనూ మాత్రమే మిగిలాయి. అందుకే ఇక్కడ ఈ వృత్తి చరిత్రను రాస్తే, అది వారి జీవితాలను తలచుకోవడమే అవుతుంది.

అంతకు ముందు ఈ పిల్లలకు ఇల్లే లోకం. నిజాం కాలంలో తాలూకా కేంద్రాల్లో సైతం బడులు తక్కువ, ఉన్నవాటిలో బోధన ఉర్దూలో. ఏ లోపమూ లేని రైతుకూలీ బిడ్డకే బడి దొరకని రోజుల్లో, మాట రాని బిడ్డకూ నడక రాని బిడ్డకూ బడి ఉండాలన్న ఆలోచనే లేదు. 1948 తర్వాత బడులు పెరిగినా ఈ పిల్లల సంగతి మారలేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతం వరి పొలాలతో, రైస్‌మిల్లులతో నిండిపోయింది. నాట్లు, కలుపులు, కోతల కాలంలో ఇంట్లో పనిచేయగలిగిన వాళ్లందరూ పొలానికి పోయేవారు. బిడ్డ మాత్రం నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉండేది. ముసలివాళ్లు లేని ఇళ్లలో అక్క బడి మానేసి తమ్ముడికి కాపలా ఉండేది. ఒక బిడ్డ లోపం ఇద్దరి చదువును మింగేసిన ఇళ్లు తక్కువేమీ కావు.

తల్లిదండ్రులు ఊరికే కూర్చోలేదు. మట్టపల్లిలో నరసింహస్వామి సన్నిధిన పదకొండు రోజులు ఉండి ప్రదక్షిణలు చేసే ఆనవాయితీ ఉంది. జాన్‌పహాడ్ దర్గాకు మతంతో పనిలేకుండా జనం వెళ్తారు. బిడ్డకు మాట రావాలని, కాలు నిలవాలని అక్కడ మొక్కని కుటుంబం అరుదు. తర్వాత హైదరాబాద్‌లో నీలోఫర్, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల చుట్టూ తిరిగేవారు. డాక్టరు చివరికి మందుతో నయమయ్యేది కాదని, నేర్పుకోవాలని చెప్పి పంపేవాడు. ఎవరు నేర్పాలి, ఎలా నేర్పాలి అన్న ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి మాత్రం ఊళ్లో ఉండేవాడు కాదు. ప్రత్యేక ఉపాధ్యాయులు వచ్చి నిలిచింది సరిగ్గా ఆ ఖాళీలోనే.

నేర్పడం సాధ్యమేనన్న నమ్మకానికి రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1800లో ఫ్రాన్స్ అడవుల్లో దొరికిన విక్టర్ అనే పిల్లవాడికి జ్యాఁ ఇటార్ అనే వైద్యుడు ఏళ్ల తరబడి ఓపికగా మాటలు, మర్యాదలు నేర్పే ప్రయత్నం చేశాడు. పిల్లవాడికి మాటలు పెద్దగా రాలేదు. కానీ ఆ ప్రయత్నం నుంచే ఇటార్ శిష్యుడు ఎడ్వార్డ్ సెగాఁ స్పర్శ, చూపు, కండరాల కదలికల ద్వారా నేర్పే పద్ధతిని తయారుచేశాడు. రోమ్‌లో మరియా మాంటిసోరి మొదట పనిచేసింది బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలతోనే. అక్కడ సెగాఁ పద్ధతులు వాడి చూసి, 1907లో మామూలు పిల్లల బడికి వాటిని తీసుకెళ్లింది. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఈనాడు పట్టణాల్లో మాంటిసోరి పేరు పెట్టుకున్న ప్రైవేటు బడులు ఎన్నో ఉన్నాయి. వాటిలో పిల్లలు ఆడుకునే బొత్తాల చట్రాలకూ, కొలతల దిమ్మెలకూ మూలం బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తరగతి గదిలో ఉందన్న సంగతి గుర్తుంచుకోదగ్గది.

భారతదేశంలో బధిరులకూ అంధులకూ బడులు పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే మొదలయ్యాయి. బొంబాయిలో 1880లలో బధిరుల బడి, అమృత్‌సర్‌లో 1887లో అంధుల బడి వచ్చాయి. 1951 నాటికి భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా భారతి బ్రెయిలీ స్థిరపడి, తెలుగు అక్షరాలకూ చుక్కల రూపం ఏర్పడింది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల వంతు వచ్చేసరికి మరికొన్ని దశాబ్దాలు గడిచాయి. 1944లో మొదలైన బొంబాయి జై వకీల్ పాఠశాల తొలినాటివాటిలో ఒకటి. తెలుగు నేలపై ఈ పని ఊపందుకున్నది 1960ల చివరి నుంచి. హైదరాబాద్‌లో ఠాకూర్ హరిప్రసాద్ పేరిట సంస్థ ఏర్పడింది. 1977లో పిల్లల వైద్యుడు పి. హనుమంతరావు సికింద్రాబాద్‌లో స్వీకార్‌ను ప్రారంభించారు. 1980లో విశాఖపట్నంలో లెబెన్‌షిల్ఫే వచ్చింది. ఇవన్నీ నగరాల సంస్థలే. కోదాడ నుంచి రోజూ బిడ్డను తీసుకుని వెళ్లి రాగలిగిన దూరంలో వీటిలో ఒక్కటీ లేదు.

మలుపు 1984లో వచ్చింది. ఆ ఏడాది సికింద్రాబాద్ బోయినపల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వం జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పింది. ఎన్‌ఐఎంహెచ్‌గా పేరుపడిన ఈ సంస్థను 2016 నుంచి ఎన్‌ఐఈపీఐడీ అని పిలుస్తున్నారు. దేశమంతటికీ ఉద్దేశించినదైనా, ఇది తెలుగు గడ్డపై ఉండటం వల్ల తెలంగాణ, ఆంధ్ర జిల్లాలకు ప్రత్యేకమైన మేలు జరిగింది. ఇంటర్ పూర్తిచేసిన యువతులు, యువకులు ఇక్కడా, దీనికి అనుబంధంగా డిప్లొమా నడిపిన సంస్థల్లోనూ చదివి సొంత జిల్లాలకు తిరిగివెళ్లారు. అప్పటిదాకా సేవాభావంతో మాత్రమే నడిచిన పని ఆ తర్వాత నేర్చుకుని చేసే వృత్తి అయింది.

ఆ డిప్లొమాలో వారు నేర్చిన పద్ధతిని కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ వృత్తి బలమంతా అందులోనే ఉంది. మొదటి మెట్టు పిల్లవాడికి ఏమి వచ్చో, ఏమి రాదో లెక్కగా తెలుసుకోవడం. మద్రాసులో పి. జయచంద్రన్, వి. విమల 1970లలో రూపొందించిన ఎండీపీఎస్ పట్టికలో 18 విభాగాలు, ఒక్కోదాంట్లో 20 చొప్పున 360 అంశాలు ఉంటాయి. పెద్ద కదలికలు, చేతి పనులు, భోజనం, బట్టలు, స్నానం, మాట, డబ్బు, కాలం, ఇంటిపనులు అన్నీ అందులో ఉన్నాయి. ఎన్‌ఐఎంహెచ్‌లో ప్రత్యేక విద్యా విభాగానికి నాయకత్వం వహించిన జయంతీ నారాయణ్ తన సహచరులతో కలిసి ఎఫ్‌ఏసీపీ అనే మరో పట్టికను తయారుచేశారు. అందులో పిల్లలను పూర్వ ప్రాథమిక, ప్రాథమిక, మాధ్యమిక, వృత్తి పూర్వ స్థాయులుగా విడదీస్తారు. ఒక స్థాయిలో నూటికి 80 వంతుల అంశాలు వచ్చాకే పిల్లవాడు పై స్థాయికి వెళ్తాడు. ఈ పట్టికల వల్ల ఒక పెద్ద మార్పు జరిగింది. వీడికి ఏమీ రాదు అన్న మాట చెల్లకుండా పోయింది. ప్రతి పిల్లవాడికీ ఏదో ఒకటి వచ్చునని, దాని పక్కనున్నది నేర్పవచ్చునని కాగితం మీద కనిపించసాగింది.

రెండో మెట్టు పనిని విడగొట్టడం. చొక్కా తొడుక్కోవడాన్ని మామూలు మనిషి ఒకే పనిగా చూస్తాడు. ప్రత్యేక ఉపాధ్యాయురాలికి అది పది పన్నెండు పనులు: చొక్కా ముందూ వెనకా గుర్తించడం, ఒక చేయి దూర్చడం, వీపు వెనక నుంచి రెండో చేతిని తెచ్చుకోవడం, అంచులు సరిచేయడం, బొత్తాలను ఒక్కొక్కటిగా పెట్టడం. మొదట్లో ఆమె అన్నీ తానే చేసి, చివరి బొత్తాన్ని మాత్రం పిల్లవాడికి వదులుతుంది. పని పూర్తిచేశానన్న ఆనందం అతనికి దక్కుతుంది. అది వచ్చాక చివరి రెండు బొత్తాలు, తర్వాత మూడు. ఇలా వెనక నుంచి ముందుకు నేర్పుకుంటూ వెళ్తుంది. చేయి పట్టి చేయించడం మొదలుపెట్టి, తర్వాత మోచేతి దగ్గర తాకి వదిలి, తర్వాత మాటతో, చివరికి చూపుతో సైగ చేసి, ఆ సాయాన్ని కూడా మెల్లగా మాన్పిస్తుంది. సాయాన్ని ఎప్పుడు తగ్గించాలో తెలియడమే ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైన నేర్పు. ముందే వదిలేస్తే పిల్లవాడు బెదిరిపోతాడు. ఆలస్యం చేస్తే ఆ చేతికే అలవాటు పడతాడు.

అక్షరాలు కూడా అవసరం చుట్టూ తిరుగుతాయి. బుద్ధిమాంద్యం మధ్యస్థంగా ఉన్న పిల్లవాడికి గుణింతాల వరస మొత్తం అప్పగించడం కంటే తన పేరు, స్త్రీలు, పురుషులు, ప్రమాదం వంటి మాటలు, బస్సు బోర్డు మీద తన ఊరి పేరు చదవడం ముఖ్యం. లెక్కల్లో పది రూపాయల నోటు, ఇరవై రూపాయల నోటు గుర్తించడం, పాలప్యాకెట్ తెచ్చి చిల్లర తీసుకోవడం ముఖ్యం. తల్లిదండ్రులకు అన్నిటికన్నా పెద్ద ఊరట మరుగుదొడ్డి అలవాటు. పదేళ్ల బిడ్డ ఆ పని తానే చూసుకోవడం మొదలైన రోజున ఆ ఇంట్లో తల్లి కూలికి వెళ్లగలుగుతుంది, పెళ్లికీ పేరంటానికీ బిడ్డను వెంట తీసుకెళ్లగలుగుతుంది. ఏ పరీక్షా ఫలితాల్లోనూ కనిపించని ఇలాంటి విజయాల మీదే ఈ ఉపాధ్యాయులు ఒక జీవితకాలం గడిపారు.

వృత్తికి చట్టబద్ధత 1992 నాటి భారత పునరావాస మండలి చట్టంతో వచ్చింది. మండలి గుర్తించిన కోర్సు చదివి, కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదైన వారే ప్రత్యేక ఉపాధ్యాయులుగా పనిచేయాలి. నమోదు లేకుండా పనిచేస్తే ఏడాది దాకా జైలు శిక్షకు కూడా వీలుంది. కాలానుగుణంగా శిక్షణ తరగతులకు హాజరై ఆ నమోదును పునరుద్ధరించుకోవాలి. సాధారణ ఉపాధ్యాయులకు లేని ఈ నియమం ఈ వృత్తి గౌరవాన్ని పెంచింది. అయితే ఆ గౌరవానికి తగిన ఉద్యోగాలు ఏర్పడటానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1974లోనే సాధారణ బడుల్లో వికలాంగ పిల్లలను చేర్చే కేంద్ర పథకం వచ్చింది. ఎనిమిది మంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు అన్న నిష్పత్తి అందులో ఉంది. జిల్లాల దాకా అది అరకొరగానే చేరింది. 1995 వికలాంగుల చట్టం పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్యను హక్కుగా ప్రకటించింది.

ఈ ప్రాంతంలో తొలి అడుగులు రెండు దారుల్లో పడ్డాయి. ఒకటి ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల దారి. వినికిడి లోపం ఉన్న పిల్లల కోసం వికలాంగుల సంక్షేమ శాఖ కింద మిర్యాలగూడలో ఆశ్రమ పాఠశాల నడుస్తోంది. తెలంగాణలో ఇలాంటి ప్రభుత్వ బడులు హైదరాబాద్ మలక్‌పేటలో, కరీంనగర్‌లో ఉన్నాయి. వాటి సరసన మిర్యాలగూడ నిలవడం చిన్న విషయం కాదు. పల్లెలో ఒంటరిగా పెరిగిన బధిర బాలుడికి మాట రాకపోవడం కంటే, తనతో మాట్లాడేవాళ్లు లేకపోవడమే పెద్ద కష్టం. ఆశ్రమ పాఠశాలలో అడుగుపెట్టిన కొన్ని వారాల్లోనే సైగలతో ముచ్చట్లు పెట్టే స్నేహితులు దొరుకుతారు. పెదవుల కదలిక చూసి మాట నేర్పాలా, సైగ భాషలోనే చదువు చెప్పాలా అన్న వాదం ప్రపంచమంతటా నూట నలభై ఏళ్లకు పైగా నడుస్తోంది. పిల్లలు మాత్రం వసతి గృహంలో రాత్రిపూట ఆ వాదంతో పనిలేకుండా చేతులతో మాట్లాడుకుంటారు. భారతీయ సైగ భాషకు జాతీయ స్థాయిలో పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది 2015లో మాత్రమే.

రెండోది స్వచ్ఛంద బడుల దారి. డిప్లొమా చదివి వచ్చినవారు, చర్చి సంస్థలు, బిడ్డకు లోపం ఉన్న తల్లిదండ్రులు కలిసి పట్టణాల్లో అద్దె ఇళ్లలో చిన్న బడులు తెరవడం తెలుగు జిల్లాలన్నిటా కనిపించే సంగతి. రెండు గదులు, ఒక వరండా, గోడ మీద బొమ్మల పటాలు, పిల్లలను తెచ్చి దింపే ఒక ఆటో: ఆ బడులకు ఉండే ఆస్తి ఇంతే. దాతల చందాలు, కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటు వీటి ఆదాయం. గ్రాంటు ఆలస్యమైతే జీతం ఆగేది. అయినా బడి మూసి, పిల్లలను మళ్లీ ఇళ్లకు పంపడానికి మనసొప్పక నెలల తరబడి పనిచేసినవారు ఈ వృత్తిలో ఎందరో ఉన్నారు. దాన్ని త్యాగంగా పొగిడి ఊరుకోవడం సులువు. జీతం ఇవ్వాల్సిన వ్యవస్థ తన బాధ్యతను వారి మంచితనం మీదికి నెట్టిందన్నది కూడా అంతే నిజం.

ఈ చదువు పల్లెల దాకా చేరింది సర్వశిక్షా అభియాన్ వల్ల. ప్రతి వికలాంగ బిడ్డకూ ఏడాదికి 1,200 రూపాయలు, తర్వాత 3,000 రూపాయల చొప్పున కేటాయింపు ఈ పథకంలో ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది రాజీవ్ విద్యా మిషన్ పేరుతో నడిచిన కాలంలో మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలు ఏర్పడ్డాయి. సాధారణంగా ఒక ప్రభుత్వ బడి ఆవరణలోనే భవిత కేంద్రం ఉంటుంది. ఐఈఆర్పీలుగా పిలిచే ప్రత్యేక ఉపాధ్యాయులు అక్కడ పనిచేస్తారు. నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపిస్టు వచ్చి కాళ్లు బిగుసుకుపోయిన పిల్లలకు వ్యాయామం చేయిస్తాడు. పిల్లవాణ్ని తీసుకొచ్చే తల్లికి తోడు భత్యం, దూరం నుంచి వచ్చేవారికి రవాణా భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల స్టైపెండు ఇస్తారు. కొద్దిపాటి లోపం ఉన్న పిల్లలు పక్కనే ఉన్న మామూలు తరగతిలో కూర్చుంటారు. ఐఈఆర్పీ వెళ్లి ఆ తరగతి ఉపాధ్యాయుడికి ఏం చేయాలో చెబుతుంది.

భవితకు రాలేని పిల్లల కోసం ఇంటివద్ద విద్య ఉంది. వారంలో ఒక రోజు, ఎక్కువగా శనివారం, ఉపాధ్యాయురాలే ఇంటికి వెళ్తుంది. ఈ వృత్తి అసలు స్వరూపం ఆ రోజున తెలుస్తుంది. విజయవాడ రహదారి మీద సూర్యాపేట నుంచి కోదాడకు నలభై అయిదు కిలోమీటర్ల ప్రయాణం గంటలో అయిపోతుంది. రహదారి దిగి లోపలికి వెళ్లే పల్లెకు మాత్రం షేర్ ఆటో నిండేదాకా ఆగాలి, మిగతాది నడవాలి. వెళ్లేసరికి నాట్ల కాలమైతే ఇంటికి తాళం, లేదా మంచంలో బిడ్డ, పక్కన చూపు ఆనని ముసలమ్మ. మంచంలోనే పెరిగిన బిడ్డకు మొదటి పాఠం మెడ నిలపడం. దిండు ఎలా పెట్టాలో, ఏ వైపు తిప్పి పడుకోబెట్టాలో, మింగలేని బిడ్డకు ముద్ద ఎలా పెడితే పొలమారదో ఆమె తల్లికి చూపిస్తుంది. వారంలో ఆరు రోజులు నేర్పేది తల్లే కాబట్టి, ఆ సందర్శనలో అసలు విద్యార్థి తల్లే. తప్పంతా తనదేనని, తన కడుపులోనే ఏదో దోషమని అత్తింట్లో మాటలు పడ్డ స్త్రీకి, ఇది ఎవరి తప్పూ కాదని మొదటిసారి చెప్పిన మనిషి చాలాచోట్ల ఆ ఉపాధ్యాయురాలే. మేనరికాలు ఎక్కువగా ఉన్న ప్రాంతం కాబట్టి, రెండో కాన్పుకు ముందు డాక్టరును కలవమని నచ్చజెప్పే పని కూడా ఆమె మీదే పడింది.

పిల్లలను వెతికి పట్టుకోవడం మరో పెద్ద పని. లోపం ఉన్న బిడ్డను, ముఖ్యంగా ఆడపిల్లను, సర్వేకు వచ్చినవారికి చూపించని కుటుంబాలు ఉండేవి. ఇంటి పెద్దపిల్ల పెళ్లి సంబంధం చెడిపోతుందన్న భయం దానికి కారణం. ఈ దాపరికాన్ని పాఠాల కంటే ఎక్కువగా తగ్గించింది పింఛను. ఉమ్మడి రాష్ట్రంలో వైకల్య శాతం నిర్ధారణకు సదరం శిబిరాలు మొదలయ్యాయి. వికలాంగుల పింఛను తెలంగాణ ఏర్పడ్డాక 2014లో 500 నుంచి 1,500 రూపాయలకు, 2019లో 3,016కు, 2023లో 4,016కు పెరిగింది. సదరం సర్టిఫికెట్ కోసం కుటుంబాలు బిడ్డలను బయటికి తెచ్చాయి. శిబిరం వరండాలో బారులు తీరిన తల్లుల మధ్య ఐఈఆర్పీ తన కొత్త విద్యార్థులను గుర్తించింది. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట వేరే జిల్లా అయ్యాక, కోదాడ కుటుంబాలకు జిల్లా కేంద్రం దగ్గరైంది. మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే మిగిలింది. ఒకప్పుడు ఒకే జిల్లా సమావేశంలో కలుసుకున్న ఉపాధ్యాయులు రెండు జిల్లాల వారయ్యారు.

ఈ కాలంలో బడికి వచ్చే పిల్లలూ మారారు. పాత తరంలో వికలాంగ విద్యార్థి అంటే ఎక్కువగా పోలియో సోకి, కాలిపర్లతో నడిచే పిల్లవాడు. తెలివితేటలకు లోటు లేని అతనికి మెట్లు లేని బడి, మూడు చక్రాల సైకిలు ఇస్తే చాలు, మిగతాది తానే చదువుకునేవాడు. 1995లో మొదలైన పల్స్ పోలియో ఫలితంగా దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. జిల్లా పశ్చిమాన మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను వంచిన పిల్లలు ఉండేవారు. కాలువ నీరు పారే కోదాడ, మిర్యాలగూడ వైపు ఆ బాధ అంతగా లేదు. పోలియో పోయి, నెలలు నిండకుండా పుట్టిన శిశువులను ఆసుపత్రులు బతికించగలుగుతున్న కొద్దీ, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న పిల్లల వాటా పెరిగింది. వీరికి ర్యాంపు సరిపోదు, ఒక మనిషి కావాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్యను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచి, ఆటిజాన్ని, నిర్దిష్ట అభ్యసన లోపాలను అందులో చేర్చింది. పట్టణాల్లో తల్లిదండ్రులు ఇప్పుడు రెండు మూడేళ్లకే ప్రశ్నలతో వస్తున్నారు. బిడ్డ పేరు పిలిస్తే తిరగడం లేదని, కళ్లలోకి చూడడం లేదని గమనించి వచ్చే ఆ తొందర మంచిదే. ఆరేళ్లలోపు మొదలైన శిక్షణకు వచ్చే ఫలితం పదేళ్లకు మొదలైనదానికి రాదు.

ఇంత పని చేసిన ఐఈఆర్పీల ఉద్యోగం మాత్రం ఒప్పంద ఉద్యోగమే. సర్వశిక్షా అభియాన్ 2018లో సమగ్ర శిక్షగా మారినా వారి స్థితి మారలేదు. పాతికేళ్ల వయసులో చేరి, నలభై దాటినా ప్రతి ఏడాదీ ఒప్పందం పునరుద్ధరణ కోసం ఎదురుచూడటం, పింఛను లేకుండా వయసు మీరడం ఈ వృత్తిలో మామూలైపోయింది. 2020లో కరోనా వల్ల బడులు మూతపడి, సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. చేయి పట్టి నేర్పితేనే నేర్చుకునే పిల్లలకు టీవీ పాఠం ఎందుకూ పనికిరాలేదు. బొత్తం పెట్టడం, గ్లాసు పట్టడం వంటి ఎంతో కష్టపడి వచ్చిన అలవాట్లు నెలల్లోనే జారిపోయాయి. బడులు తెరిచాక ఉపాధ్యాయులు చాలామంది పిల్లలతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

2021 అక్టోబర్ 28న రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ వృత్తి చరిత్రలో ముఖ్యమైనది. ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని, శాశ్వత పోస్టులు మంజూరు చేయాలని కోర్టు చెప్పింది. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో వెలువడిన డీఎస్సీ ఉపాధ్యాయ నియామక ప్రకటనలోని 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంటు, 796 సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ) పోస్టులు చోటుచేసుకున్నాయి. అన్ని జిల్లాలకూ పంచితే ఒక్కో జిల్లాకు వచ్చేవి కొద్దిగానే ఉన్నా, ప్రభుత్వ బడిలో ప్రత్యేక ఉపాధ్యాయుడు శాశ్వత ఉద్యోగిగా అడుగుపెట్టడానికి దారి పడింది. అదే ఏడాది డిసెంబర్‌లో సమగ్ర శిక్ష ఒప్పంద ఉద్యోగులు క్రమబద్ధీకరణ కోరుతూ సమ్మెకు దిగారు. వారిలో ఐఈఆర్పీలూ ఉన్నారు. పోటీ పరీక్షకు కూర్చునే వయసు దాటి, రెండు దశాబ్దాల అనుభవం ఉన్నవారికి ఆ అనుభవం ఏ లెక్కలోకి వస్తుందన్నది వారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న.

భవిత కేంద్రం, బడి పద్దెనిమిదేళ్లతో ఆగిపోతాయి. ఆ తర్వాత ఏం చేయాలన్నది ఈ మూడు పట్టణాల్లో ఇంకా తేలని సంగతి. హైదరాబాద్‌లో 1991లో మంజులా కల్యాణ్ స్థాపించిన స్వయంకృషి, పెరిగి పెద్దయిన వారు కలిసి ఇంటిని నడుపుకుంటూ పనిచేసుకునే పద్ధతిని చూపించింది. ఇక్కడి పిల్లల్లో పని నేర్చినవారు ఇంటి దుకాణంలో, పశువుల దగ్గర, తండ్రి వెంట పొలంలో చేతనైనంత చేస్తున్నారు. మిగతావారు మళ్లీ ఇంటికే పరిమితమవుతున్నారు. తాము పోయాక బిడ్డను ఎవరు చూస్తారన్నది ప్రతి తల్లీ ప్రత్యేక ఉపాధ్యాయురాలిని ఎప్పుడో ఒకప్పుడు అడిగే మాట. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం దానికి కొంత జవాబు ఇచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి పద్దెనిమిదేళ్లు దాటాక, కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమిస్తుంది. నిరామయ పథకం కింద వారికి లక్ష రూపాయల ఆరోగ్య బీమా ఉంది. ఈ దరఖాస్తు ఫారాలను నింపి, కావలసిన కాగితాలు జతచేయించి, కుటుంబాన్ని కలెక్టరేట్ దాకా పంపే పని ఏ ఉద్యోగ నియామక పత్రంలోనూ రాసి ఉండదు. సూర్యాపేట, నల్గొండ జిల్లాల్లో ఆ పనిని కూడా భవిత కేంద్రం ఉపాధ్యాయులే చేస్తున్నారు.